మేడమ్ చెట్టుకు బెట్ట పెట్టిన సంగతి

మూడేళ్ళ కిందటి మాఘమాసం, శుద్ధ తదియ, మంగళవారం. పగలు పదకొండు గంటల పది నిమిషాలు. గేటు దగ్గరి పుస్తకంలో ఆ టైమే రాసి ఉంది, నేను చదివి చూసుకున్నాను. ఆ టైముకు మా సారు కారు కంపెనీ లోపలికి వచ్చింది. కారులో ఆయన భార్య ఉంది. ఆమె వచ్చింది చెట్టును చూడటానికి. చెట్టు పూసి ఉంది.

పూయించింది నేను. పూసినందుకే అది చచ్చింది. ఆమెకు కావలసింది పువ్వు కాదు, తాను పోయాక కూడా ఆ చెట్టు బతికి ఉండటం. ఆ మాట ఆమె నోటి నుంచి నేను విన్నది పూత వచ్చిన తరువాత. ముందే అడిగి ఉండవలసింది. అడగలేదు. దాచుకునే సంగతి కాదు కాబట్టి మొదటనే రాస్తున్నాను.

నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో తోటపని చేసేదాన్ని. కంపెనీ మనిషిని కాదు, తోటపని కాంట్రాక్టరు మనిషిని. గడ్డి కోయడం, గేటు నుంచి ఆఫీసు దాకా కంచెమొక్కలు కత్తిరించడం, గన్నేర్లకు నీళ్ళు పట్టడం, రాలిన ఆకు ఊడ్వడం. పదకొండేళ్ళు చేశాను. చదువు యాభై దాటాక నేర్చుకున్నాను. పురుగుమందు డబ్బా మీద ఏం రాసి ఉందో ప్రతిసారీ ఒకరిని అడగవలసి రావడం నాకు నచ్చలేదు. ల్యాబులో పనిచేసే ఒక పిల్ల అన్నాల వేళ పక్కన కూర్చుని నేర్పింది. తప్పు రాస్తే పెన్నుతో వేలి కణుపు మీద కొట్టేది. గట్టిగానే కొట్టేది.

ఆ ల్యాబుకు పెద్ద మా సారు. వరంగల్ దిక్కు మనిషి. వయసులో ఉన్నప్పుడు షిల్లాంగ్‌లో ఉద్యోగం చేసి, అక్కడి పిల్లనే పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ఇద్దరూ కిష్టారెడ్డిపేటలో అపార్టుమెంటులో నాలుగో అంతస్తులో ఉండేవాళ్ళు. పిల్లలు లేరు. ఒకసారి అత్తగారి ఊరికి పోయి వస్తూ సారు మూడు మొక్కలు తెచ్చాడు. వేళ్ళకు తడిగుడ్డ చుట్టి, పైన కాగితం చుట్టి, విమానంలో కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చాడట. బొటనవేలు లావున ఉన్నాయి. ఇవి బాల్కనీలో బతికేవి కావు, పెద్ద చెట్లవుతాయి, కంపెనీలో పెడదాం అని తెచ్చి నా ముందు పెట్టాడు. చెర్రీ అన్నాడు.

చెర్రీ అంటే కేకు మీద పెట్టే ఎర్రపండు అని అందరూ ఆశపడ్డారు. నాతో పనిచేసే బీహారు అన్నదమ్ములు ఇద్దరుండేవారు. నలభై దాటినవాళ్ళే. అందులో పెద్దవాడు నెలకొకసారి అడిగేవాడు.

"అమ్మా, ఫల్ కబ్ దేగా?"

"పండు రాదురా. ఉత్త పువ్వే."

"తో కాహే లగాయే?"

మరి ఎందుకు పెట్టారని వాడి ప్రశ్న. నేను పుట్టింది సంగారెడ్డి దగ్గర జామతోటలో. మా నాయన లెక్కలో చెట్టు అంటే కాత. కాయని చెట్టు పొయ్యిలో కట్టె. ఉత్త పువ్వు కోసం చెట్టును సాకడం మా ఇంట్లో ఎవరూ ఎరుగరు. సారు చెప్పాడు కాబట్టి పెట్టాను. జీతం ఇస్తున్నారు కాబట్టి సాకాను.

మూడింటిలో ఒకటి మొదటి ఎండాకాలంలోనే మాడిపోయింది. రెండోదానికి చెదలు పట్టింది. మూడోదాన్ని తీసి ఆఫీసు వెనక, ఉత్తరం వైపు గోడ నీడకు మార్చాను. అక్కడ పొద్దున తొమ్మిది దాకా ఎండ ఉంటుంది, తరువాత రోజంతా నీడ. పైగా ఆ గోడకే ల్యాబు ఏసీలు బిగించి ఉన్నాయి. వాటి పైపుల నుంచి నీళ్ళు కారుతుంటాయి. మా దగ్గర బోరు నీళ్ళు అన్ని చెట్లకూ పడవు, ఆకు అంచులు మాడిపోతాయి, మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. గన్నేరు తట్టుకుంటుంది. ఈ చెట్టు తట్టుకోలేదు. అందుకని ఏసీల కింద బకెట్లు పెట్టి, ఆ నీళ్ళే పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి పోశాను. వాన నీళ్ళంత మంచివి అవి. చల్లగా కూడా ఉంటాయి.

మా సూపర్‌వైజరు ఇస్నాపూర్ మనిషి, నోటి దురుసు. నేను బకెట్లు మోస్తుంటే చూసి, "పెద్దమ్మా, నీ చెట్టు మనకన్న పెద్ద ఆఫీసరే. ఏసీ నీళ్ళు తప్ప తాగదు" అనేవాడు. "నీకు బోరు నీళ్ళు తాగి గా తెలివొచ్చింది" అనేదాన్ని నేను. ఆయన నవ్వేవాడు. ఆ రోజుల్లో అట్లా అనుకోవడం ఉండేది.

నాలుగేళ్ళు అట్లాగే సాకాను. ఎండాకాలం మొదలుకు సున్నం పూసేదాన్ని, బెరడు పగలకుండా. పైన పచ్చ జాలీగుడ్డ కట్టేదాన్ని. కోసిన గడ్డి పాదులో మందంగా పరిచేదాన్ని, తేమ పోకుండా. ఒక ఏడాది మొదలు దగ్గర బంక కారింది. బంక కారిందంటే లోపల చెట్టుకు ఏదో బాధ ఉందని లెక్క. కత్తితో గీకి, మైలుతుత్తం, సున్నం కలిపి పూశాను. ఆగింది. పూర్తిగా ఆగలేదు. వానాకాలంలో ఒకటి రెండు చోట్ల మళ్ళీ కనిపించేది.

చెట్టు నా రెండింతలు ఎత్తు పెరిగింది. బెరడు గోధుమ రంగులో నున్నగా మెరిసేది, మీద అడ్డంగా గీతలు. ఆకు మంచిగా ఉండేది. పువ్వు మాత్రం ఒక్కటీ రాలేదు. షిల్లాంగ్ కొండల మీద కార్తీకంలో ఆకు రాల్చి ఒళ్ళంతా పూస్తుందట. ఇక్కడ కార్తీకంలో దానికి సగం ఆకు రాలేది, సగం ఉండేది, ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడేది. దానికి కావలసినంత చలి మన దగ్గర లేదు. అదే సారుకు చెప్పాను, ఇది ఇక్కడ పూయదని. ఆయన తల ఊపి పోయేవాడు.

కంపెనీలో అందరూ దాన్ని మేడమ్ చెట్టు అనేవాళ్ళు. మేడమ్‌ను అప్పటిదాకా నేను రెండుసార్లే చూశాను. ఆయుధపూజకు వచ్చింది. మనిషి పొట్టి, తెల్లగా, చిన్న కళ్ళు. నోరు తెరిస్తే మా అత్తమ్మ మాట్లాడినట్టుండేది. ఆమె తెలుగు వరంగల్ పల్లెలో వాళ్ళ అత్తగారి దగ్గర నేర్చుకున్న తెలుగు. ఈకాలం పిల్లలకు తెలియని మాటలు ఆమె అనేది. నన్ను అక్కా అని పిలిచింది. చెట్టు మొదలు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి పోయింది.

చెట్టు పెట్టిన నాలుగో ఏడాది, శ్రావణంలో మా ఆయన పోయాడు. ముత్తంగి దగ్గర ఒక గోదాములో హమాలీ మేస్త్రీ. పని దిగి ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డాడట. కాళ్ళు గుంజుతున్నాయని కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. పక్కవాళ్ళు నిద్రపోతున్నాడనుకున్నారు. పన్నెండు రోజులు ఇంట్లో చేయవలసినవి చేశాం. పదమూడో రోజు నేను పనికి పోయాను. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి.

అప్పటి నుంచి నాకు ఏమీ అనిపించకుండా పోయింది. అది ఎట్లా చెప్పాలో తెలియదు. బాధ అనలేను. టీ గ్లాసు ఎంత వేడిగా ఉన్నా వేళ్ళకు తెలిసేది కాదు. క్యాంటీన్‌లో వండే ఆమె నా పళ్ళెంలో ఏం వేస్తే అది తినేదాన్ని. ఒకరోజు ఉప్పు లేని పప్పు వేసిందట, అందరూ గొడవ చేశారు, నేను తిని చెయ్యి కడుక్కున్నాను. నా కొడుకు కోడలు మంచివాళ్ళే, ఏడువమ్మా ఏడువు అనేవాళ్ళు. రాకపోతే ఎక్కడి నుంచి తేను. సూపర్‌వైజరు కూడా నన్ను ఆటపట్టించడం మానుకున్నాడు. నేను మాట తిప్పి కొట్టడం లేదని కావచ్చు.

దసరా పోయిన తరువాత సారు ఆఫీసు వెనకకు వచ్చి చెట్టు దగ్గర నిలబడ్డాడు. నేను పాదులో గడ్డి తీస్తున్నాను. గడ్డి పక్కన పెట్టి లేచాను. తరువాత చెప్పాడు. మేడమ్‌కు కడుపులో గడ్డ, అది పాకిందట. మందులు ఆపేశారట. డాక్టర్లు చలికాలం గడుస్తుందన్నారు, ఎండాకాలం సంగతి చెప్పలేమన్నారు. ఆమె మాటిమాటికీ ఈ చెట్టు గురించి అడుగుతోందట. అందుకని ఆయన అనుకున్నాడు, పువ్వు చూడాలని ఆమెకు మనసులో ఉందని.

"పెద్దమ్మా, ఒక్కసారి పూస్తే చాలు," అన్నాడు. "ఏమన్న చేస్తే పూస్తదా?"

రెండు రోజులు ఆలోచించాను.

జామకు ఒక పద్ధతి ఉంది. తోటలో చెట్లు ఆకు మీదే ఉండి పూతకు రాకపోతే బెట్ట పెడతారు. నీళ్ళు ఆపుతారు. ఆకు పసుపెక్కి వేలాడేదాకా ఆపుతారు. తరువాత పాదు తవ్వి, పై వేర్లు బయటపడేట్టు మట్టి లాగి, కొన్ని రోజులు ఎండకు వదులుతారు. సన్నవేర్లు కోస్తారు. మిగిలిన ఆకు దూసేస్తారు. చెట్టు చచ్చిపోతున్నాననుకుంటుంది. అప్పుడు ఎరువు వేసి, మట్టి కప్పి, నీళ్ళు వదిలితే ఒక్కసారి విరగబూస్తుంది. మా నాయన అనేవాడు, కడుపు మాడితేనే చెట్టుకు పిల్లలు యాదికొస్తరు అని. చిన్నప్పటి నుంచి చూసిన పని, చేసిన పని. కాయని చెట్టు అంటే మాకు తెలిసిన మందు అదొక్కటే.

మా నాయన ఇంకో మాట కూడా అనేవాడు. ఐదేళ్ళు నిండని చెట్టుకు బెట్ట పెట్టకూడదు. బంక కారే చెట్టుకు, రోగమున్న చెట్టుకు అసలు పెట్టకూడదు. ఈ చెట్టుకు నాలుగేళ్ళు. బంక ఉంది. నాకు రెండూ తెలుసు. మరిచిపోయానని రాస్తే అబద్ధం అవుతుంది. తెలిసే చేశాను. బాధ తెలిసే మనిషైతే ఆ చెట్టు మీద కత్తి పెట్టి ఉండదు. నాకు అప్పుడు దాని మీద ప్రేమా లేదు, జాలీ లేదు. సారు పువ్వు అడిగాడు, పువ్వు వచ్చే దారి నాకు తెలుసు. అంతవరకే ఆలోచించాను.

దీపావళి వెళ్ళిన రెండో రోజు బకెట్లు తీసేశాను. ఏసీ నీళ్ళు చెట్టు వైపు పోకుండా కాలువ మళ్ళించాను. పాదులో గడ్డి అంతా ఎత్తేశాను. కార్తీక పౌర్ణమి దాటేసరికి ఆకు వేలాడింది. ల్యాబు పిల్ల చూసి పరుగెత్తుకుంటూ వచ్చింది, నీళ్ళు మరిచిపోయావా అని. మరిచిపోలేదు, ఆపాను అన్నాను. ఎందుకని అడిగితే, పూయనీకి అన్నాను. నా ముఖంలోకి చూసి పోయింది. బీహారు తమ్ముడు మాత్రం రహస్యంగా ఒక మగ్గు నీళ్ళు పోసి వచ్చాడు. పట్టుకుని తిట్టాను. మళ్ళీ మొదటి నుంచి ఎండాలి కదా.

మార్గశిరంలో పాదు తవ్వాను. వేర్లు సన్నగా, ఎర్రగా, లోపల తెల్లగా ఉన్నాయి. గోడ నీడలో ఎండ తగలదని, పొద్దున తొమ్మిది లోపల ఎంత తగిలితే అంత అని ఎనిమిది రోజులు వదిలాను. జామకు ఐదు రోజులు చాలు. మిగిలిన ఆకు చేత్తో దూశాను, కొమ్మకొమ్మకూ. నిచ్చెన బీహారు అన్న పట్టుకున్నాడు. సన్నవేర్లు కొన్ని కోశాను. కోసిన చోట వాసన వచ్చింది, చేదు బాదం గింజ వాసన. ఆ వాసన నాకు తెలిసింది. నాలుగు నెలలుగా నాకు ఏ వాసనా తెలియలేదు, అది మాత్రం తెలిసింది. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

తరువాత మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి వేసి మట్టి కప్పాను. మొదట కొద్దిగా, రెండు రోజులాగి ఇంకొంచెం, ఆ తరువాత నిండా నీళ్ళు పెట్టాను. ఆ ఏడాది చలి బాగా ఉంది. పొద్దున బండ్ల మీద వచ్చేవాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని వచ్చేవాళ్ళు. పుష్యం సగం గడిచేసరికి కొమ్మల మీద మొగ్గ కనిపించింది. ఆకుమొగ్గ సన్నగా ఉంటుంది. ఇవి గుండ్రంగా ఉన్నాయి. నేను ఎవరికీ చెప్పలేదు. వారం తరువాత ఒక మొగ్గ పగిలి గులాబీ రంగు కనిపించినప్పుడు సారు గదికి పోయి తలుపు దగ్గర నిలబడి, వస్తుంది అన్నాను. ఆయన కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ఆ మంగళవారం నాటికి చెట్టు నిండా పూసింది. నిండా అంటే కొండల మీద పూసినట్టు కాదేమో, నేను కొండలు చూడలేదు. ఆకు ఒక్కటీ లేదు. లేత గులాబీ, ఉతికి ఉతికి వెలిసిన రవిక రంగు. గుత్తులు గుత్తులుగా సన్నని కాడలకు వేలాడాయి. తేనెటీగలు ఎక్కడి నుంచి వచ్చాయో వచ్చాయి. మనుషులు పని ఆపి వచ్చి చూసి పోయారు. మా కంపెనీలో పెద్ద సార్లవి తప్ప ఫోన్లు లోపలికి రానివ్వరు, గేటు దగ్గరే పెట్టాలి. అందుకని ఎవరూ ఫోటో తియ్యలేదు. నేను చూశాను. చూశాను, అంతే. జామపూత చూసినట్టే.

కారు వచ్చింది. గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన రూలు మనిషి. లోపలికి వచ్చేవాళ్ళు ఎవరైనా హెల్మెట్ పెట్టుకోవాలి, అది ఆయన డ్యూటీ. మేడమ్‌ను చూసి కూడా ఆయన పచ్చ హెల్మెట్ తెచ్చి కారు కిటికీలో చెయ్యి పెట్టాడు. సారుకు కోపం వచ్చింది. మేడమ్ నవ్వి, తలకు ఉన్న ఉన్ని టోపీ మీదనే దాన్ని పెట్టుకుంది. మనిషి సగమైంది. హెల్మెట్ కనుబొమల మీదికి జారుతుంటే సెక్యూరిటీ ఆయనే దగ్గరికి వచ్చి వెనక పట్టీ బిగించాడు. బిగిస్తూ, "మా రూలు గట్లుంది తల్లీ, ఏమనుకోకు" అన్నాడు.

చక్రాల కుర్చీ గడ్డి మీద నడవలేదు. బీహారు అన్నదమ్ములు ఇద్దరూ చెరో వైపు ఎత్తి తీసుకొచ్చి చెట్టు కింద దించారు. సారు వెనక కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. మేడమ్ పైకి చూసింది. చాలాసేపు చూసింది. మేమంతా దూరంగా నిలబడ్డాం. సంతోషపడుతుందని అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె కళ్ళు కిందికి దించి పాదు చూసింది. కొత్త మట్టి చూసింది. తరువాత నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది.

"అక్కా, ఇది గిప్పుడు పూసేది గాదు. మా దిక్కు కార్తీకంల పూస్తది. నువ్వేం జేసినవ్?"

"బెట్ట పెట్టిన."

"అంటే?"

"నీళ్ళు బంద్ జేసిన. వేర్లు దీసి ఎండకు పెట్టిన. ఆకు దూసిన. జామకు గట్లనే జేస్తం."

ఆమె మళ్ళీ పాదు వైపు చూసింది. పైన ఏసీ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"నీళ్ళియ్యక దూపకు పెట్టి పూయించినవా."

"అవును."

"నేను పువ్వు అడగలేదక్కా. పువ్వులు నా చిన్నతనంల మస్తు చూసిన. నేను పోయినంక ఈడ ఇదొకటి ఉండాలె అనుకున్న. నాకు ఇంకెవ్వరున్నరు ఈడ? పువ్వడిగింది ఈయన."

సారు కుర్చీ పట్టుకున్న చేతుల వైపు నేను చూడలేదు. ఆమె కూడా ఆయన మీద కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది.

"ఇగ బతుకుతదా?" అని అడిగింది.

"ఎండకాలం దాటితే బతుకుతది."

"దాటిస్తవా?"

"చూస్త."

ఆమె అంతకంటే అడగలేదు. నేను మాట ఇవ్వలేదని ఆమెకు అర్థమైంది. కింద రాలిన పువ్వు ఒకటి నేను తీసి ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన లేదు అంది. దీనికి వాసన ఉండదని ఆమెకు తెలియదా. అయినా చూసింది. ఇరవై నిమిషాలున్నారు. క్యాంటీన్ ఆమె టీ తెచ్చింది. మేడమ్ తాగలేదు, పట్టుకుని కూర్చుంది. పోయేటప్పుడు హెల్మెట్ ఇవ్వడం మరిచి కారెక్కితే, సెక్యూరిటీ ఆయన అడగలేదు. మరునాడు సారు తెచ్చి ఇచ్చాడు.

పూత వారం ఉంది. తరువాత చిగురు రావాలి. వచ్చింది, కానీ అన్ని కొమ్మలకూ రాలేదు. వచ్చిన ఆకు చిన్నది, రంగు పలచన. మాఘం చివర నుంచే ఎండ మొదలైంది. నేను చేయవలసినవన్నీ చేశాను. జాలీగుడ్డ రెండు వరసలు కట్టాను. మొదలుకు గోనెసంచి చుట్టి పొద్దున మధ్యాహ్నం తడిపాను. ఏసీ నీళ్ళు పూటపూటకూ పోశాను. ఆదివారం కూడా పోయేదాన్ని, కూలి లేకపోయినా. సూపర్‌వైజరు ఆదివారం గేటు పాసు రాసిచ్చేవాడు. బంక మూడు చోట్ల పొడుచుకొచ్చింది. గీకితే కింద బెరడు నల్లగా ఉంది. వేరు పోయిన చెట్టు, పైన ఎన్ని నీళ్ళు పోసినా తాగదు. తాగడానికి నోరు లేదు. ఆ నోరు కోసింది నేనే.

చైత్రం చివరలో ఆకు ఉన్నపళంగా ఎండి కొమ్మ మీదే నిలబడింది. రాలలేదు. బతికున్న చెట్టు ఆకు రాలుస్తుంది, చచ్చిన చెట్టు పట్టుకునే ఉంటుంది. గోరుతో బెరడు గీరాను. పైకొమ్మ గోధుమ రంగు. మధ్యకొమ్మ గోధుమ రంగు. మొదలు దగ్గర ఒక్కచోట పచ్చగా ఉంది.

మేడమ్ అప్పటికి మంచం మీదే ఉంది. వారానికోసారి సారును అడిగేదట, చెట్టు ఎట్లుందని. మంచిగుంది అని చెబుతూ వచ్చాడట. ఒకరోజు నన్ను తన గదికి పిలిపించాడు. ఆమె నాతోనే మాట్లాడతానంటోందని, మంచిగుందని చెప్పమని అన్నాడు. బతిమాలినట్టే అన్నాడు. పెద్ద ఉద్యోగం మనిషి, నా ముందు అట్లా నిలబడితే చూడలేక నేల చూశాను. ఫోను కలిపి నా చేతికి ఇచ్చాడు.

ఆమె గొంతు సన్నగా వచ్చింది. ఒక్కటే అడిగింది.

"అక్కా, ఆకుందా?"

అబద్ధం చెప్పడం నాకు రాకపోవడం కాదు. అందరికీ వచ్చు. నేను ఆమె చెట్టును ఆమెను అడగకుండా ఒకసారి ఎండగట్టాను. రెండోసారి కూడా ఆమెను అడగకుండా ఏదో చెయ్యడం నా వల్ల కాలేదు.

"లేదమ్మా. ఎండింది. మొదలుకాడ జెర పచ్చి ఉన్నది."

సారు గోడ వైపు తిరిగాడు.

"కొట్టియ్యకు," అంది ఆమె. "మా దిక్కు నరికిన మోడుకు గూడ చిగురొస్తది. వానల దాంక చూడు."

"చూస్త."

"నీ తప్పేం లేదక్కా."

"ఉన్నది," అన్నాను.

ఆమె ఊ అంది. ఆ ఊ అనడం నాకు బాగుంది. లేదు లేదు అని మళ్ళీ అనలేదు. ఫోను సారుకు ఇచ్చి బయటికి వచ్చాను. జ్యేష్ఠం మొదట్లో ఆమె పోయింది. కంపెనీ బస్సులో కొందరు కిష్టారెడ్డిపేట పోయి వచ్చారు. నేనూ పోయాను. లిఫ్టులో పైకి పోయి, చూసి, దిగి వచ్చాను. నాకు ఏడుపు రాలేదు. ఆమె కోసం రాలేదు, మా ఆయన కోసం రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పై కొమ్మలు కోసి మోడు ఉంచాను. వానలు పడ్డాయి. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం చూశాను. మొదలు దగ్గర పచ్చి ఉన్న చోట కూడా చెదలు పట్టింది. చిగురు రాలేదు. సారు ఆ దసరాకు ఉద్యోగం మానేసి షిల్లాంగ్ పోయాడు. అక్కడే ఉంటున్నాడట. మోడును తీయమని ఎవరూ చెప్పలేదు, నేనూ తీయలేదు. గడ్డి కోసేటప్పుడు చుట్టూ కోసి వదిలేదాన్ని.

ఈ ఏడాది కొత్త మేనేజరు వచ్చాడు. ఆఫీసు వెనక బండ్లు పెట్టే షెడ్డు వేస్తున్నారు. మోడు తవ్వేయమన్నాడు. అది మేడమ్ చెట్టు సార్, వాళ్ళ కొండల నుంచి వచ్చిన చెర్రీ, ఒకసారి పూసింది అన్నాను. ఆయన చదువుకున్నవాడు, మర్యాదగానే చెప్పాడు. ఈ వేడికి ఆ చెట్టు పూయడం జరగదమ్మా, మీరు వేరే ఏదో పువ్వు చూసి ఉంటారు అన్నాడు. ఫోటో ఉందా అని అడిగాడు. లేదు. ఆ రోజు సారు దగ్గర ఫోను ఉండింది, కానీ ఆయన చేతులు కుర్చీ మీద ఉన్నాయి. పక్కనున్న ఆఫీసు పిల్లలు నవ్వుకున్నారు. నేను గడ్డపార తెచ్చి నా చేత్తోనే తవ్వాను. పెద్ద కష్టం కాలేదు, వేర్లు ఎప్పుడో పోయాయి. మరుసటి నెల పని మానేశాను. వయసైంది.

ఆ చెట్టు ఉండాలని ఆమె అడిగింది. అది నా వల్ల లేకుండా పోయింది. ఇప్పుడు అది పూయనే లేదు అంటున్నారు. చంపింది నేనేనని ఒప్పుకుంటాను, కానీ లేనే లేదంటే ఒప్పుకోను. అందుకే నేర్చుకున్న ఈ నాలుగు అక్షరాలతో ఇది రాశాను. చూసినవాళ్ళు ఉన్నారు. ఆ మంగళవారం ఆ చెట్టు కింద ఉన్నది వీళ్ళు: కుర్చీలో మేడమ్, కుర్చీ వెనక సారు. కుర్చీ మోసిన బీహారు అన్నదమ్ములు ఇద్దరు. హెల్మెట్ పట్టీ బిగించి గేటు వదిలేసి వెంట వచ్చిన సెక్యూరిటీ ఆయన. టీ తెచ్చిన క్యాంటీన్ ఆమె. కిటికీలో నుంచి చూస్తూ, మధ్యలో కిందికి దిగి వచ్చిన ల్యాబు పిల్ల. దూరంగా పైపు పట్టుకుని నిలబడ్డ మా సూపర్‌వైజరు. నేను.